ఉదాహరణము – కబురు

మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య రచించునాటికి కవి గతించి అనేక శతాబ్దములైనది. తన శ్లోకమునకు చెప్పిన అర్థము తగునో తగదో పలుకుటకు కాళిదాసునకు అవకాశము లేదు. గ్రంథలోకమున ఉదాహరణము చిరకాలముగా ఏకముఖమైన వ్యవహారమే. సమకాలికుల విషయమునను అంతే. తన మాటను వేరొకరు ఖండించిరని రచయితకు తెలియవలెనన్న, ఏ మిత్రుడో ఆ పత్రికను పంపవలసియుండెను.

ఈ లోటును తీర్పవలెనని తలచినవారిలో అమెరికా దేశీయుడైన టెడ్ నెల్సన్ ముఖ్యుడు. 'హైపర్‌టెక్స్ట్' అను పేరును 1965లో లోకమునకు పరిచయము చేసినవాడు ఇతడే. లంకె ఉభయముఖముగా ఉండవలెననియు, పేర్కొన్న పుటనుండియే కాక పేర్కొనబడిన పుటనుండియు అది కనబడవలెననియు ఇతని ఆశయము. కాని 1989లో సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్ వేరొక మార్గము త్రొక్కినది. అందు లంకె ఒక దిక్కునకే సాగును. ఎవరి అనుమతియు అక్కరలేదు. వెబ్ శీఘ్రముగా వ్యాపించుటకు ఈ స్వేచ్ఛ ఒక కారణము. పాత లోటు మాత్రము అట్లే నిలిచినది.

2002లో బ్లాగు రచయితలకై సిక్స్ అపార్ట్ సంస్థ 'ట్రాక్‌బ్యాక్' అను పద్ధతిని ప్రవేశపెట్టినది. ఒకరి వ్యాసముపై మరొకరు తమ బ్లాగులో వ్రాసినపుడు, ఆ రచన శీర్షికయు, కొన్ని పంక్తులును, చిరునామాయు మొదటి బ్లాగునకు కబురుగా పోవును. అవి మూలవ్యాసము క్రింద ప్రకటితమగును. వాదమును ప్రతివాదమును చదువరి ఒక్కచోటనే చూడగలడు.

అయితే వచ్చిన కబురు నిజమా కాదా అని పరీక్షించు నియమము ఇందు లేదు. పిలువని పేరంటమునకు వచ్చినట్లు వ్యాపార ప్రకటనలవారు చొరబడి, వ్యాసముల క్రింద తమ చిరునామాలను గుప్పించిరి. అదే సంవత్సరమున స్టువర్ట్ లాంగ్రిడ్జ్, ఇయాన్ హిక్సన్ రూపొందించిన 'పింగ్‌బ్యాక్' ఇంతకన్న జాగ్రత్త గలది. ఇందు పంపునవి రెండు చిరునామాలు మాత్రమే. అందుకొన్న బ్లాగు స్వయముగా మొదటి పుటకు పోయి, లంకె నిజముగా అచ్చట ఉన్నదో లేదో చూచును.

ఆ పరీక్షయే పిదప ఆయుధమైనది. 2014 మార్చిలో దుండగులు 1,62,000కు పైబడిన వర్డ్‌ప్రెస్ బ్లాగులకు బూటకపు కబుర్లు పంపిరి. అన్నియు ఒకే చిరునామాకు పరీక్షకై పరుగెత్తగా, ఆ తాకిడికి ఆ స్థానము స్తంభించినది. పింగ్‌బ్యాక్‌ను మరింత సరళముచేసిన 'వెబ్‌మెన్షన్' అను పద్ధతిని వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు3సి 2017 జనవరి 12న ఆమోదించినది. పరీక్షను అదియు విడువలేదు.

ఇంతకును యంత్రము పరీక్షించునది లంకె ఉన్నదా లేదా అన్నంతవరకే. ఉదాహరించినవాడు మూలమును సరిగా గ్రహించెనా, వక్రీకరించెనా అన్నది దానికి తెలియదు. మూలమున లేనిది వ్రాయనని మల్లినాథుడు తనకు తాను విధించుకొన్న నియమము ఇచ్చటనే అవసరము. కాళిదాసు వచ్చి అడుగునను భయముచేత ఆయన దానిని పాటింపలేదు. వ్యాసములు వ్రాయు విద్యార్థికి, వానిని దిద్దు ఉపాధ్యాయునకు నేర్వదగినది ఇదియే: ఎవరి మాటను గైకొన్నను వారి పేరు చెప్పవలెను, వారు ఎదుట కూర్చుండి వినుచున్నట్లే చెప్పవలెను.