రేడియో మాట యెవరి సొత్తు?

కడపలో ఆకాశవాణి కేంద్రము 1963వ సంవత్సరమున వెలసినది. నాటినుండి మన సీమలో ఎందరో గృహిణులు జొన్నలు చెరుగుచు, సంగటి కెలుకుచు దాని పలుకులు వినుచు వచ్చిరి. "ఆకాశవాణి, కడప కేంద్రము" అను మాట చెవిని బడినంతనే చేతి పని ఆగకున్నను మనస్సు అటు మరలును. ఆ మాట యెవరి సొత్తని మీరెన్నడైన ఆలోచించితిరా?

దేవకీదేవిని అత్తవారింటికి సాగనంపుచు తానే రథము తోలుచున్న కంసునకు, ఆమె యెనిమిదవ బిడ్డ వలన నీకు చావు గలదని చెప్పినది ఆకాశవాణియే. పురాణము విన్న ముసలమ్మ లందరు ఎరిగిన మాట యది. 1935లో మైసూరునందు ఎం. వి. గోపాలస్వామి యను ఆచార్యుడు తన యింటనే చిన్న ప్రసార కేంద్రమును నెలకొల్పెను. ఆ కేంద్రము ఆకాశవాణి యను పేరుతో ప్రసిద్ధికెక్కినది. తరువాత 1957లో ఆలిండియా రేడియో ఆ పేరునే దేశమంతటికిని స్వీకరించినది. 2023 మే మాసములో, ఇకమీదట ప్రసారములలో ఆలిండియా రేడియో యనక ఆకాశవాణి యనియే పలుకవలెనని ఉత్తరువు వెలువడినది. పురాణములోని మాట ఒక సంస్థకు ఇంటిపేరయ్యెను!

ఈ ముచ్చట యిప్పుడేల యందురా? 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము 234 పట్టణములలో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. మార్గములను వేలము వేయుటకు సమ్మతించినది. ఆ పట్టికలో మన కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు, ఆదోని పేర్లు గలవు. క్రొత్త కేంద్రము వచ్చినచో క్రొత్త పేరును, దానికొక నినాదమును వెంటవచ్చును. నినాదములనగా తెలిసినవే గదా: "మీ కోసం", "ఎప్పుడూ మీతోనే", "పాటలే పాటలు". ఒక కేంద్రము వీనిని వాడిన పిదప మరియొకటి వాడరాదని దావా వేసిన నేమగును?

మన దేశమున 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వము సబ్బు, నూనె వంటి సరకుల గుర్తులకు మాత్రమే రిజిస్ట్రేషను ఉండెడిది. రేడియో ప్రసారము వంటి సేవలకు లేకుండెను. ఈ చట్టములోని 9వ సెక్షను మనకు ముఖ్యమైనది. సరకు యొక్క గుణమునో, రకమునో, పుట్టిన చోటునో తెలుపు మాటలను, ఆ వర్తకమున అందరు వాడుకొను మాటలను ఒకరి పేర రిజిస్టరు చేయరాదని అది చెప్పుచున్నది. అయితే చాలకాలము వాడుటచే ఆ మాట వినగానే జనులకు ఆ వర్తకుడే స్ఫురించునట్లైనచో, అది వేరు సంగతి.

మిరపకాయను జూడుడు. మిరపపొడి అమ్మువాడు "మిర్చి" యను మాట నాది, మరెవ్వరు అనరాదనిన సంతలో నవ్వుదురు. కాని రేడియోకు, మిరపకాయకు సంబంధ మేమున్నది? ఏమియు లేదు. కనుకనే "రేడియో మిర్చి" యనగానే కారము గాక ఒక కేంద్రము గుర్తుకు వచ్చుచున్నది. సంబంధము లేని చోట పెట్టిన పేరునకే చట్టమున బలమెక్కువ. "పాటలే పాటలు" అను నినాదమునకు ఆ బలము లేదు. పాటలు వేయుటయే గదా రేడియో పని!

నినాదముల తగవు శీతల పానీయముల వారికిని తప్పలేదు. "యే దిల్ మాంగే మోర్" అను పెప్సీ వారి నినాదమును కోకాకోలా వారు తమ టెలివిజను ప్రకటనలో ఎగతాళి చేసిరని ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము నడచినది. 2003లో అప్పీలుపై తీర్పు వచ్చినది. ఇట్టి ప్రకటన నినాదమునకు పైకి చూడగా గ్రంథస్వామ్యపు రక్షణ కలుగదనియు, ఒకరి సరకును మరియొకరి సరకుగా చలామణి చేసినట్లు రుజువైనచో వేరు రక్షణ దొరకవచ్చుననియు ఆ వ్యాజ్యమున తేలినది. నాలుగు మాటల కూర్పును కావ్యముతో సమానముగా చూడకుండుట నాకు న్యాయముగనే తోచుచున్నది.

మాట కంటె ధ్వనికి గుర్తింపు సులభమేమో. అమెరికాలో ఎన్.బి.సి. వారి మూడు గంటల నాదము 1950లోనే రిజిస్టరైనది. మన దేశమున 2017 నిబంధనల ప్రకారము ధ్వనిని ముప్పది సెకనులకు మించకుండ పట్టి దాఖలు చేయవచ్చును.

ఇది పెద్ద కంపెనీల గొడవ, మనకేల యనుకొనకుడు. నంద్యాలలో నలుగురు స్త్రీలు కూడి వేరుశనగ పొడి చేసి అమ్ముచున్నారనుకొందము. కర్నూలు వైపున వేరుశనగలను బుడ్డలందురు గదా! "ఇంటి రుచి బుడ్డల పొడి" యని రేడియోలో ప్రకటన వేయించిరి. రెండేండ్లకు ఎవరో ధనికుడు "ఇంటి రుచి" నా రిజిస్టరు గుర్తు, మానుకొనుడని వకీలు నోటీసు పంపెను. చదివిన వారికి చేతులు వణకును. డబ్బాల మీది చీటీలన్నియు చింపివేయుదురు. అంత తొందర వలదు. "బుడ్డల పొడి" యని సరకును ఉన్నదున్నట్లు చెప్పుటను ఎవ్వరు ఆపజాలరు. ఇక "ఇంటి రుచి" మాటకు 34వ సెక్షను గలదు: ఎదుటివాడు ఆ గుర్తును వాడుటకును, రిజిస్టరు చేయుటకును ముందునుండియే మీరు ఎడతెగక వాడుచున్నచో, అతని రిజిస్ట్రేషను మీ వాడుకను ఆపజాలదు.

అయితే ముందునుండి వాడితిమని నోటితో చెప్పిన కోర్టు వినదు. ప్రకటనకు సొమ్ము కట్టిన రశీదు, అది ప్రసారమైన తేది, చీటీలు అచ్చు వేయించిన ముద్రణాలయపు బిల్లు — వీనిని పోపుల డబ్బా ప్రక్కన కాక, ఇంటి దస్తావేజులున్న పెట్టెలో ఉంచుడు. నోటీసు వచ్చిన దినమున వకీలు మొదట అడుగునవి యవియే.