గన్నేరు, బిళ్ళగన్నేరు: పేరు ఒకటి, పోషణ వేరు

సముద్రపు ఒడ్డున పూలమొక్కలు పెంచడం తేలిక కాదు. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె వంటి తీరగ్రామాలలో నేల ఇసుక, గాలి ఉప్పు. ముచ్చటపడి తెచ్చిన గులాబీ ఆకుల అంచులు మాడి కొద్ది నెలలలోనే ఎండిపోతుంది. అట్టి చోట కూడా నిలిచి పూసేవి గన్నేరు, బిళ్ళగన్నేరు. రెండూ ఒకే కుటుంబపు మొక్కలు. పేరు కలిసినందున పోషణ కూడా ఒకటే అనుకొనే వారున్నారు. ఇది పొరపాటు. దేనిని ఎక్కడ నాటవలెనో తెలియకపోతే మొక్కకే కాదు, పశువుకు కూడా ప్రమాదము.

గన్నేరు

ఇది 6 నుండి 12 అడుగుల ఎత్తు పెరిగే పొద. దళసరి ఆకులు ఉప్పుగాలికి, నీటి ఎద్దడికి తట్టుకొంటాయి. పెన్సిలు లావు ముదురు కొమ్మను 6 నుండి 8 అంగుళాల ముక్కలుగా కోసి, అడుగు ఆకులు తీసి, సగం వరకు తడి ఇసుకలో గుచ్చితే సుమారు నెలరోజులలో వేళ్ళు వస్తాయి. మన తీరానికి ముఖ్యమైన వానలు ఈశాన్య ఋతుపవనాలవి. కావున వేళ్ళు తొడిగిన మొక్కలను అక్టోబరు వానలకు 5 అడుగుల ఎడంగా నాటవలెను. గుంటకు ఒక తట్ట చివికిన పశువుల ఎరువు చాలును. మొదటి వేసవిలో వారానికి ఒకటి రెండు తడులు ఇస్తే తరువాత నీటి బెంగ ఉండదు. కొత్త చిగుళ్ళ కొసలనే పువ్వులు పూస్తాయి గనుక పూత తగ్గినప్పుడు కొమ్మలను మూడవ వంతు కత్తిరించవలెను. చిగుళ్ళకు పసుపురంగు పేనుబంక పడితే నీరు గట్టిగా చిమ్మి కడగవలెను.

బిళ్ళగన్నేరు

దీని పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము. ఎత్తు 1 నుండి 3 అడుగులు. విత్తిన మూడు నెలలకు పూత మొదలై ఏడాది పొడుగునా పూస్తుంది. గింజ చీకటిలో బాగా మొలకెత్తుతుంది గనుక పైన పలుచగా ఇసుక కప్పవలెను. రెండు నెలల నారును అడుగు ఎడంగా నాటవచ్చును. దీనికి శత్రువు నీటి ఎద్దడి కాదు, నీటి నిలువ. నీరు నిలిస్తే వేరు, కాండము కుళ్ళుతాయి. కావున వానలు వెనుకపట్టిన తరువాత, జనవరిలో, ఎత్తైన మడులపై నాటడం మేలు. ఆకులు చిన్నవై, పువ్వులు పచ్చబడి, మొక్క గుబురుగా మారితే అది వంగలోని వెర్రి తెగులు వంటిదే. దీపపు పురుగులు దానిని వ్యాపింపజేస్తాయి. అట్టి మొక్కను పీకి పూడ్చవలెను.

విషము సంగతి

గన్నేరు వేరు మొదలు పువ్వు వరకు విషమే. అది గుండెను దెబ్బతీస్తుంది. పచ్చి ఆకు చేదు గనుక పశువు సాధారణంగా ముట్టదు. కత్తిరించి పారవేసిన కొమ్మ ఎండి గడ్డిలో కలిసినప్పుడు తింటుంది. ఎండినా విషము పోదు. ఆ కొమ్మలను పెంటకుప్పపై వేయక లోతుగా పూడ్చండి. పొయ్యిలో పెట్టవద్దు, పొగ కూడా హానికరమే. పశువు తిన్నదని అనుమానం కలిగితే వెంటనే పశువైద్యునికి చూపించండి. 2024 మే నెలలో కేరళలోని తిరువాన్కూరు, మలబారు దేవస్వం బోర్డులు నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరు పూల వాడుక మాన్పించాయి. మనము కూడా పూజాపుష్పాన్ని తీర్థప్రసాదాలలో కలుపరాదు.

బిళ్ళగన్నేరు ఆకు చక్కెర వ్యాధికి మంచిదని పరగడుపున నమలేవారున్నారు. కెనడా శాస్త్రవేత్తలు ఆ నమ్మకాన్నే పరీక్షిస్తూ, ఆకు రసము రక్తంలోని తెల్లకణాలను తగ్గించడం గమనించారు. అట్లు 1958లో విన్‌బ్లాస్టిన్ అనే కాన్సరు మందు బయటపడినది. అంతటి శక్తిగల ఆకును వైద్యుని సలహా లేక తినడం అపాయము.

ఎక్కడ నాటవలెను?

గన్నేరును పెరటిలో సముద్రపు వైపు, పశువుల పాకకు, నీటితొట్టికి దూరంగా, మేకలకు అందని చోట వరుసగా నాటండి. దాని చాటున, ఇంటి ముంగిట బిళ్ళగన్నేరు వేయండి. గ్రామాధికారులు బడి, అంగన్‌వాడీ ఆవరణలలో గన్నేరు నాటించకుండా చూడవలెను. బిళ్ళగన్నేరు నాటించినా, నోట పెట్టరాదని పిల్లలకు చెప్పించవలెను. ఈ జాగ్రత్తలు పాటిస్తే ఇసుకదిన్నెల మీది ఇల్లు కూడా పూలతో కళకళలాడుతుంది.