రబ్బరు పోతే రేకు పోయినట్లే!

బళ్లారి: వానొస్తే క్యాబిన్‌లో కాళ్ల కింద నీళ్లు. 1986లో వచ్చిన టాటా 407 పాత బండ్లను నమ్ముకుని బతికేవారికి ఇది తెలిసిన బాధే. తప్పు ముందు అద్దానిది కాదు, దాని చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ది.

బళ్లారి ఎండకు రబ్బరు గట్టిపడి మూలల్లో పగులుతుంది. అక్కడ దిగిన నీరు రేకు అంచున నిలిచి తుప్పు పట్టిస్తుంది. పైపైన గమ్ము పూస్తే తుప్పు లోలోపలే తినేస్తుంది. అందుకే తెలుగు, కన్నడం కలిపి మాట్లాడుకునే ఇక్కడి షెడ్లలో పాత మేస్త్రీలు ముందు అద్దం దింపమంటారు. తుప్పు గీకి, రెడాక్సైడ్ కొట్టి, ఆరాకే కొత్త బీడింగ్.

కిటుకంతా బిగింపులోనే ఉంది. బీడింగ్‌ను అద్దానికి తొడిగి, రేకు పట్టే గాడిలో చుట్టూ నైలాన్ తాడు వేస్తారు. సబ్బునీళ్లు రాస్తారు. బయటి నుంచి ఒకరు అద్దాన్ని అరచేత్తో అదుముతుంటే, లోపలున్నవారు తాడు కొసను మెల్లగా లాగుతారు. రబ్బరు అంచు రేకు దాటి లోపలికి కూర్చుంటుంది. ఇంజిన్ ఆయిల్ మాత్రం రాయకూడదు, రబ్బరు ఉబ్బిపోతుంది.

చివరికి బకెట్‌తో నీళ్లు కొట్టి చూడాలి. లోపల చుక్క పడలేదా, ఆ బండి ఇంకొన్ని వానలు చూస్తుంది. దాని మీద బతికే ఇల్లూ నిలబడుతుంది.