నీరసించిన శునకానికి టానిక్కు కాదు.. ముందు రక్తపరీక్ష!

పెదకాకాని: మిర్చి కల్లాల వద్ద రాత్రంతా కాపలా కాసిన కుక్క ఉన్నట్టుండి మూలన పడుతుంది. పెట్టిన పెరుగన్నం ముట్టదు. బొచ్చు ఊడుతుంది, నడక తడబడుతుంది. ‘బలం తగ్గింది’ అనుకున్న యజమాని మందుల దుకాణం నుంచి బి-కాంప్లెక్స్ సీసా తెచ్చి పోస్తాడు. వారం గడిచినా మార్పుండదు. ఆ వారంలోనే అసలు వ్యాధి ముదిరిపోతుంది. పల్లెల్లో శునకాల ప్రాణాల మీదకు వస్తున్నది చాలాసార్లు ఈ జాప్యమే.

పిడుదుల వల్ల సోకే ఎర్లీషియా, బబీసియా జ్వరాలు, రక్తం పీల్చే కొంకి పురుగులు, మూత్రపిండాల వ్యాధి.. వీటన్నిటిలోనూ పైకి కనిపించేది నీరసమే. విటమిన్ల లోపంలోనూ అదే లక్షణం. తేడా తేల్చడంలో రక్తపరీక్ష కీలకం. అందుకే పశువైద్యులు మొదట రక్తకణాల లెక్క, రక్తపు పూత పరీక్ష చేసి, ఆ తరువాతే విటమిన్ల జోలికి వెళతారు.

గిన్నెలో ఏముంది?

కుక్క తన శరీరంలో ‘సి’ విటమిన్‌ను తానే తయారు చేసుకోగలదు. ‘డి’ విటమిన్ విషయం ఇందుకు భిన్నం. మనుషుల మాదిరిగా ఎండ నుంచి చాలినంత తయారు చేసుకోలేదు, ఆహారంలోనే అందాలి. పాలిష్ పట్టిన బియ్యంలో బి1 తక్కువ. గంజి వారిస్తే ఉన్నదీ కొంత పోతుంది. పచ్చి చేపలు కొన్నింటిలో బి1ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. ఏళ్ల తరబడి అన్నం, పెరుగుతోనే పెరిగే కుక్కకు మాంసం, గుడ్డు అందకపోతే లోపాలకు దారి తెరుచుకున్నట్టే.

తిండి బాగున్నా లోపం రావచ్చు. బి12 పేగుల్లోకి ఇంకడానికి తోడ్పడే పదార్థం కుక్కల్లో ప్రధానంగా క్లోమం నుంచి వస్తుంది. క్లోమం దెబ్బతింటే ఎంత మంచి ఆహారం పెట్టినా బి12 పడిపోతుంది. జర్మన్ షెపర్డ్ జాతిలో ఈ క్లోమ వ్యాధి ఎక్కువ.

హైదరాబాద్‌లో నిరూపణ

ఆహారానికీ, శునకాల్లో లోపానికీ ఉన్న సంబంధాన్ని తేల్చిన పరిశోధనల్లో ఒకటి మన గడ్డమీదే జరిగింది. నియాసిన్ లోపిస్తే మనుషులకు పెలగ్రా, కుక్కలకు ‘నల్ల నాలుక’ వ్యాధి వస్తుంది. నికోటినిక్ ఆమ్లంతో ఆ నల్ల నాలుక నయమవుతుందని అమెరికా శాస్త్రవేత్త కాన్రాడ్ ఎల్వెజెమ్ 1937లో చూపారు. దక్కన్‌లో జొన్నలే ప్రధానాహారంగా తినేవారిలో పెలగ్రా కనిపిస్తుండటంతో, హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనశాల (నేటి జాతీయ పోషకాహార సంస్థ)కు చెందిన భవానీ బెలవాడి, సి.గోపాలన్ కుక్కలకు జొన్న ఆహారం పెట్టి పరీక్షించారు. వాటికి నల్ల నాలుక వ్యాధి వచ్చినట్టు 1965లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ప్రకటించారు. కడుపు నిండినంత మాత్రాన పోషణ అందినట్టు కాదనడానికి ఇదే తార్కాణం.

రక్తం ఏం చెబుతుంది?

బి12, ఫోలిక్ ఆమ్లం పరీక్షలను సాధారణంగా జంటగా చేస్తారు. ఫోలిక్ ఆమ్లం చిన్నపేగు పైభాగంలో, బి12 చివరి భాగంలో ఇంకుతాయి. కాబట్టి ఏది తగ్గిందో చూసి పేగులో జబ్బు ఎక్కడుందో అంచనా వేస్తారు. బి12 లీటరుకు సుమారు 250 నానోగ్రాముల కంటే తగ్గితే లోపంగా భావించడం పరిపాటి. ఈ హద్దు ల్యాబ్‌ను బట్టి మారుతుంది. మనుషుల రిపోర్టుల్లోని అంకెలతో పోల్చడం పొరపాటు. ఇంతకూ ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారు చేసిన అమెరికాలోని లెడర్లీ పరిశోధన బృందానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.

‘డి’ విటమిన్‌కు 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష ఉంది. ‘ఎ’ విటమిన్ సంగతి వేరు. అది కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి, నిల్వలు అడుగంటే దాకా రక్తంలో తగ్గుదల సరిగా కనిపించదు. బి1 పరీక్ష అన్నిచోట్లా దొరకదు. తల వాల్చడం, తూలడం, ఫిట్స్ వంటి లక్షణాలుంటే వైద్యులు ఫలితం కోసం ఆగకుండా ఇంజెక్షన్ ఇచ్చి, దానికి కుక్క స్పందించే తీరు చూసి నిర్ధారిస్తారు.

ఎలుకల మందు తింటే..

పొలాల్లో, ధాన్యపు కొట్టాల్లో పెట్టే బ్రోమాడయోలోన్ ఎరలను కుక్కలు తినే ప్రమాదం ఉంది. ఈ మందు శరీరంలో ‘కె’ విటమిన్ పనిని అడ్డుకుంటుంది. తిన్న రోజు కుక్క మామూలుగానే ఉంటుంది. రెండు మూడు రోజులు గడిచాక చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. ఛాతీలోకి రక్తస్రావమై ఆయాసంతో చనిపోవచ్చు. ఇక్కడ చూడాల్సింది విటమిన్ మోతాదు కాదు, రక్తం గడ్డకట్టే సమయం. ‘ప్రోత్రాంబిన్ టైమ్’ అనే ఈ పరీక్షతో రక్తస్రావం మొదలు కాకముందే ముప్పును పసిగట్టవచ్చు. విటమిన్ కె1 చికిత్స వారాల తరబడి సాగుతుంది. చివరి మోతాదు ఇచ్చిన 48 గంటల తరువాత మళ్లీ పరీక్షించి, అంతా సవ్యంగా ఉంటేనే నిలిపివేస్తారు. ఎర తిన్నట్టు అనుమానం వస్తే ఆ ప్యాకెట్‌ను కూడా వైద్యుడి వద్దకు తీసుకెళ్లాలి.

నమూనాకు ముందు జాగ్రత్తలు

* బి12, ఫోలిక్ ఆమ్లం పరీక్షలకు రాత్రి నుంచి ఆహారం పెట్టకుండా, ఉదయమే తీసుకెళ్లాలి. నీరు ఇవ్వవచ్చు. కూనలు, బాగా నీరసించిన కుక్కల విషయంలో ముందే వైద్యుడిని అడగాలి.

* విటమిన్ ఇంజెక్షన్, టానిక్కు ఇచ్చాక తీసిన రక్తంలో అంకె ఎక్కువగా వచ్చి లోపం మరుగున పడుతుంది. ఏం మందు ఇచ్చారో దాచకుండా చెప్పాలి.

* ముందరి కాలి నరం నుంచి కొద్ది మిల్లీలీటర్ల రక్తం సరిపోతుంది. ఎర్రకణాలు చిట్లితే ఫోలిక్ ఆమ్లం తప్పుగా ఎక్కువ చూపుతుంది. నమూనాను చల్లగా, వెలుతురు తగలకుండా ల్యాబ్‌కు చేర్చాలి.

అతి చేస్తే విషమే

బి-గ్రూపు విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ‘ఎ’, ‘డి’ అలా పోవు. ఎముకల బలం కోసమంటూ డి చుక్కలు ఎడాపెడా పోస్తే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. వాంతులు, అతిదాహం దీనికి తొలి సూచనలు.

కుక్క రెండు రోజులు తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా సమీపంలోని పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. అక్కడ తేలని కేసులకు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. నోరులేని జీవి తన బాధ చెప్పుకోలేదు. దాని తరఫున మాట్లాడేది ఆ కొద్దిపాటి రక్తమే.