బొమ్మ కదలాలంటే

పాఠశాలలో విద్యార్థి ఒంటరిగానే పరీక్ష వ్రాస్తాడు. మార్కులు ఒంటరిగానే తెచ్చుకొంటాడు. వాటివల్ల కలిగే సంతోషమైనా, దుఃఖమైనా అతడొక్కనిదే. కాని బడి గడప దాటి లోకంలో అడుగుపెట్టిన నాటినుంచి అతడు చేయవలసిన పనులలో ఒంటరిగా సాగేవి బహు తక్కువ. నాట్లు వేయడం మొదలు వంతెన కట్టడం వరకు పదిమంది చేతులు కలిస్తేనే పని నెరవేరుతుంది. మరి ఆ కలవడం ఎక్కడ నేర్చుకోవాలి? నేటి విద్యార్థుల చేతికి అందిన ఒక కళ ఈ ప్రశ్నకు చక్కని సమాధానం చెబుతున్నది. అది బొమ్మలను కదిలించే కళ. యానిమేషన్ అని అందరూ పిలుస్తున్నది.

తెరమీద ఒక్క సెకను కాలంలో 24 చిత్రాలు గడచిపోతాయి. ఒక్కొక్క బొమ్మను రెండేసిసార్లు చూపి సరిపెట్టుకొన్నా సెకనుకు 12, నిమిషానికి 720 బొమ్మలు కావాలి. ఒక విద్యార్థి బడి విడిచిన తరువాత గీస్తూ కూర్చుంటే ఎన్ని సాయంత్రాలూ చాలవు. అందుచేత పని పంచుకోక తప్పదు. కథ అల్లేవాడొకడు, ముఖ్యమైన భంగిమలు గీసేవాడొకడు, ఒక భంగిమకూ మరొక భంగిమకూ నడుమ వచ్చే బొమ్మలను పూరించేవారు కొందరు, రంగులు వేసేవారు, గొంతు అరువిచ్చేవారు, ధ్వనులు కూర్చేవారు మరికొందరు. కంప్యూటరు వచ్చి గీతలు గీసే శ్రమను తగ్గించింది గాని, మనుష్యులు కలసి నడిచే శ్రమను తగ్గించలేదు.

పుంగనూరులో ఒక ఉన్నత పాఠశాల పిల్లలు పదిమంది తమ ఊరి పేరు మోస్తున్న ఆవును గూర్చి ఒక్క నిమిషం చిత్రం చేయబూనుకొన్నారనుకొందాం. పుంగనూరు ఆవు పొట్టిది. సాధారణంగా మూడడుగుల ఎత్తు దాటదు. తోక మాత్రం నేలను తాకుతున్నదా అన్నంత పొడవు. పదిమందీ ఆవును గీస్తే పది ఆవులు తయారవుతాయి. ఒకరి ఆవుకు మూపురం పెద్దది, ఒకరి ఆవుకు కాళ్లు పొడవు. వాటిని వరుసగా పేర్చితే తెరమీద ఆవు నడవదు. క్షణక్షణం రూపం మార్చుకొనే మాయలేడి అవుతుంది! కాబట్టి ముందుగా ఆవును ఎదుటినుంచి, పక్కనుంచి, వెనుకనుంచి గీసి, ఆ కాగితాన్ని అందరూ ప్రమాణంగా ఎదుట ఉంచుకోవాలి. తన గీత ఎంత అందమైనదైనా, అందరి గీతలో కలవకపోతే పనికిరాదని విద్యార్థి గ్రహించడం ఇక్కడ మొదటి పాఠం.

రెండవ పాఠం ఇంతకంటె లోతైనది. తరగతిలో బొమ్మలు బాగా వేసే పిల్లవానికే ఆవు నడక అప్పగిస్తారు. అతడు గీసిన ఆవు అందంగానే ఉంటుంది గాని నడక కుదరదు. అప్పుడు రంగులు వేయడానికి మాత్రమే నియమించిన ఒక పిల్లవాడు, ఇంటివద్ద ఆవును మేపేవాడు, మెల్లగా నోరు విప్పుతాడు: ఆవు ముందు ఎడమ వెనుకకాలు వేస్తుంది, పిదప ఎడమ ముందుకాలు, ఆ తరువాత కుడి వెనుకకాలు, చివర కుడి ముందుకాలు. చదువులో వెనుకబడినవాడని అందరూ తలచిన ఆ పిల్లవాడు ఆ క్షణంలో గురువు, చిత్రకారుడు శిష్యుడు.

ఉపాధ్యాయునికి పరీక్ష ఎదురయ్యేదీ ఇక్కడనే. పోటీలో బహుమతి రావాలన్న ఆతురతతో, నేర్పరులైన ఇద్దరు ముగ్గురిచేతనే పని అంతా చేయించడం సులభం. చిత్రం త్వరగా పూర్తవుతుంది, చూడముచ్చటగానూ ఉంటుంది. కాని తక్కిన ఏడుగురు ప్రేక్షకులుగానే మిగిలిపోతారు. చివర పదిమంది పేర్లూ తెరమీద పడితే పడవచ్చును. పదిమందికీ విద్య అబ్బినట్లు కాదు. పని పంచడం వేరు, విద్య పంచడం వేరు.

ఇదే చిత్రాన్ని కుప్పం పిల్లలు చేపట్టారనుకొందాం. అది మూడు రాష్ట్రాలు కలిసేచోటు. ఇంట తమిళం మాట్లాడేవారు, కన్నడం మాట్లాడేవారు తెలుగు పిల్లల సరసన కూర్చునే సీమ. ఒకే బొమ్మకు మూడు భాషలలో గొంతు కూర్చవచ్చును. అప్పుడు ఇంటిభాష విద్యార్థికి కొరత కాదు, జట్టుకు సంపద.

ఈ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. సినిమా పుట్టక పూర్వమే తోలుబొమ్మలాట మన ఊళ్లలో తెరమీద బొమ్మలను కదిలించింది. బొమ్మ ఆడించేవారు, పద్యం పాడేవారు, మద్దెల వాయించేవారు, యుద్ధఘట్టంలో కాలికింది చెక్కలను టకటక తొక్కేవారు, అందరూ ఒక్క దీపపు వెలుగులో కలసి పనిచేసేవారు. తరచుగా అది ఒక కుటుంబమే. తెరవెనుక కూర్చున్న పసివాడు చూచి, విని, అందించి నేర్చుకొనేవాడు. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో ఆ విద్య నేటికీ నిలిచి ఉన్నది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది.

కళాశాలలలో ఇటువంటి సమష్టి కృషికి సాటిలేని ఉదాహరణ మదనపల్లెలోనే ఉన్నది. 1919 ఫిబ్రవరి నెలాఖరున రవీంద్రనాథ ఠాకూరు అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చారు. అప్పటికి ఏడేళ్ల క్రితం, 1911 డిసెంబరులో, కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి వినబడిన తమ 'జనగణమన' గీతాన్ని ఒక సాయంత్రం విద్యార్థుల ఎదుట పాడారు. వంగభాష ఎరుగని పిల్లలు పల్లవి అందుకొన్నారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ పాశ్చాత్య సంగీతం నేర్చిన విదుషి. ఆమె కొందరు విద్యార్థులను చేరదీసి, వారిచేత పాడిస్తూ ఆ గీతానికి స్వరలిపి కూర్చింది. కవి దానిని మెచ్చారు. అక్కడే గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. 1950 జనవరి 24న ఆ గీతం జాతీయగీతమైనది. కవికి పాట తెలుసు, ఆమెకు స్వరలిపి తెలుసు, విద్యార్థులకు గొంతు ఉన్నది. ఎవరికి వారే ఉండిపోతే ఆ స్వరలిపి మదనపల్లెలో పుట్టేది కాదు.

నేటి ఉపాధ్యాయుడు దీనినుంచి గ్రహించవలసిన ఆచరణ చాల చిన్నది. వారానికొకసారి పనులు మార్చాలి. రంగులు వేసినవాడు కథ చెప్పాలి. కథ చెప్పినవాడు నడిమి బొమ్మలు పూరించాలి. చిత్రం ముగిసిన తరువాత ప్రతి పిల్లవానినీ ఒకే ప్రశ్న అడగాలి: "నీవు ఎవరివద్ద ఏమి నేర్చుకొన్నావు?" దానికి పదిమందీ తోటివాని పేరు చెప్పగలిగిన నాడు, బహుమతి వచ్చినా రాకపోయినా, ఆ చిత్రం నెగ్గినట్లే. తెరమీద కదిలేది బొమ్మ. అసలు కదలవలసినది తరగతిలో వెనుకబల్లమీద కదలక కూర్చున్న పిల్లవాడు.