మానని పెదవి పగుళ్లు: కారణమెరిగి చేయవలసిన చికిత్స

చలికాలంలో పెదవులు పగలడం అందరికీ అనుభవమే. నాలుగు రోజులు వెన్నపూస రాసుకుంటే అవి మానిపోతాయి. అటువంటి పగుళ్లను గురించి చింతించవలసిన పని లేదు. కాని కొందరికి ఈ బాధ ఋతువుతో నిమిత్తం లేకుండా ఏడాది పొడవునా కొనసాగుతుంది. పెదవి ఎండడం, పొట్టు లేవడం, చీలిక పడి నెత్తురు కారడం, మానినట్లే మాని తిరిగి పగలడం వారికి నిత్యానుభవమైపోతుంది. ఉప్పూ కారమూ తగిలితే మంట; నవ్వబోతే నొప్పి. అంగడిలో దొరికే లేపనాలను ఒకదాని తరువాత ఒకటిగా మార్చి చూసినా ఫలితం కనబడదు.

ఇటువంటివారు గ్రహించవలసిన ముఖ్య విషయం ఒక్కటే. లేపనం పగులును కప్పగలదు గాని, పగులుకు మూలమైన కారణాన్ని తొలగించలేదు. నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని విడిచిపెట్టడం, చికిత్సకు తొలి మెట్టని ఆయుర్వేదం చెబుతుంది. పెదవుల విషయంలో ఈ మాట అక్షరాలా నిజం.

పెదవి నిర్మాణంలోని ప్రత్యేకత

శరీరంలోని తక్కిన చర్మాన్ని చెమట, చర్మగ్రంథులు స్రవించే జిడ్డు ఎల్లవేళలా మెత్తగా ఉంచుతాయి. పెదవుల ఎర్రని భాగంలో స్వేదగ్రంథులు లేవు. జిడ్డును స్రవించే గ్రంథులు కూడా దాదాపు లేనట్లే. అక్కడి పైపొర చాలా పలుచన. ఎండ తాకిడిని అడ్డుకునే నల్లని వర్ణద్రవ్యం కూడా తక్కువ. అందువల్ల లోపలి తేమ త్వరగా ఆవిరైపోతుంది. తేమ తగ్గిన పొర బిరుసెక్కుతుంది. నోరు కదిలినప్పుడల్లా ఆ బిరుసు పొర చిట్లుతుంది.

మన ప్రాచీనులు పెదవుల వ్యాధులను ప్రత్యేకంగా పరిశీలించారు. సుశ్రుత సంహిత 65 ముఖరోగాలను చెబుతూ, వాటిలో 8 ఓష్ఠరోగాలను లెక్కించింది. వాతప్రకోపం వల్ల పెదవులు గరుకుగా, బిరుసుగా, నల్లబారి, తీవ్రమైన నొప్పితో చీలి, పొరలు పొరలుగా లేస్తాయని అందులో వర్ణన ఉంది. మనం నేడు చూసే పొడి పగుళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఉత్తరాయణంతో ఆరంభమయ్యే శిశిర, వసంత, గ్రీష్మ ఋతువులను ఆదానకాలమన్నారు. ఈ కాలంలో సూర్యుడూ వాయువూ జీవుల శరీరంలోని స్నిగ్ధతను హరిస్తాయని వారి భావన. సంక్రాంతి దాటి చలి తగ్గినా పొడిగాలులకు పెదవులు పగులుతూనే ఉండడాన్ని దీనితో పోల్చి చూసుకోవచ్చు.

తడిపేకొద్దీ ఎండే పెదవి

మానని పగుళ్లకు తరచుగా కనిపించే కారణం నాలుకతో పెదవులను తడపడం. ఎండిన పెదవిని తడపాలనిపించడం సహజమే. కాని లాలాజలం క్షణాలలో ఆవిరవుతూ పెదవిలోని తేమను కూడా తీసుకుపోతుంది. పైగా లాలాజలం ఆహారాన్ని జీర్ణం చేయడానికి ఏర్పడిన ద్రవం. దానిలోని పాచక ద్రవ్యాలు పలుచని పొరను ఒరిపిడికి గురిచేస్తాయి. తడిపినకొద్దీ ఎండడం, ఎండినకొద్దీ తడపడం అనే విషవలయం ఈ విధంగా ఏర్పడుతుంది. పిల్లలలో ఈ అలవాటు ముదిరితే పెదవుల చుట్టూ ఎర్రని వలయం కనిపిస్తుంది. లేచిన పొట్టును పళ్లతో కొరకడం, గోటితో పీకడం కూడా ఇటువంటి దురలవాట్లే. పిల్లలను గద్దించినందువల్ల ప్రయోజనం ఉండదు. నాలుక పెదవిపైకి పోకముందే అక్కడ నెయ్యి ఉండేటట్లు చూడడం మేలు.

పరిశీలించవలసిన ఇతర కారణాలు

ముక్కు దిబ్బడ ఉన్నవారు రాత్రంతా నోటితో శ్వాసిస్తారు. ఉదయం లేవగానే నోరు పిడచకట్టుకుపోయి పెదవులు అట్టకట్టి ఉంటే ముక్కుకు చికిత్స చేయించుకోవాలి. పళ్లపొడిలోని, టూత్‌పేస్టులోని లవంగం, దాల్చినచెక్క, పుదీనా వంటి ఘాటు ద్రవ్యాలు కొందరికి సరిపడవు. లిప్‌స్టిక్‌లోని రంగులు, పరిమళాలు సైతం ఇటువంటివే. అనుమానమున్న వస్తువును మూడు నాలుగు వారాలు పూర్తిగా మానివేసి చూస్తే నిజం తెలుస్తుంది.

మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలు పెదవులను తప్పనిసరిగా అన్నంతగా ఎండిస్తాయి. విటమిన్ ఎ మాత్రలను మోతాదు మించి మింగినా ఇదే జరుగుతుంది. మందు వల్లనే అని తోచినప్పుడు దానిని స్వయంగా మానివేయక, రాసియిచ్చిన వైద్యుని సంప్రదించాలి.

దాహానికి తగినంత నీరు తాగడం మంచిదే. అయితే నాలుకతో తడిపే అలవాటు మానకుండా బిందెడు నీరు తాగినా పెదవి మానదు.

సెలవులలో పగుళ్లు

నోటి రెండు మూలలను సెలవులంటాము. పగులు పెదవి మధ్యలో కాక సెలవులలో పడి, అక్కడ తెల్లగా నాని, నోరు తెరవగానే చీలుతూ ఉంటే కారణం వేరుగా ఆలోచించాలి. రైబోఫ్లేవిన్ అనే బి-2 విటమిన్ లోపం, రక్తహీనతకు దారితీసే ఇనుము లోపం ఇందుకు కారణాలు కావచ్చు. ఇంటిల్లిపాదికీ వడ్డించి చివరన మిగిలినదానితో సరిపెట్టుకునే తల్లులలో, గర్భిణులలో, ఎదిగే పిల్లలలో సెలవులు పగిలితే ఆహారాన్ని తప్పక విచారించాలి. పాలు, పెరుగు, మజ్జిగ, ఆకుకూరలు, పప్పుధాన్యాలు, గుడ్లు బి-2కు మంచి ఆధారాలు. ఈ విటమిన్ వెలుతురుకు నశిస్తుంది. పాలను ఎండ తగిలేచోట ఉంచరాదు. నీటిలో కరిగిపోయే గుణం ఉన్నందున బియ్యాన్ని పదేపదే కడగడం, గంజి వార్చి పారబోయడం వల్ల కూడా నష్టమే.

వృద్ధులలో కట్టుడుపళ్లు వదులై నోటి మూలలు ముడతపడి, అక్కడ చొంగ నిలిచి శిలీంధ్రం చేరుతుంది. మధుమేహం ఉన్నవారిలో ఈ శిలీంధ్రం మరింత సులభంగా వ్యాపిస్తుంది. ఇటువంటి పుండుకు నెయ్యి రాస్తూ కూర్చుంటే చాలదు. పళ్లసెట్టును సరిచేయించుకుని, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకుని, శిలీంధ్రాన్ని హరించే మందు వాడాలి.

గృహచికిత్సలు

1. సిక్థ తైలం: వాతజ ఓష్ఠరోగంలో స్నేహద్రవ్యాలకు తేనెమైనం చేర్చి పెదవులకు రాయాలని సుశ్రుతుడు విధించాడు. నేటి లేపనాలలో అనేకం ఇదే సూత్రంపై తయారవుతున్నాయి. 50 గ్రాముల నువ్వుల నూనెలో 10 గ్రాముల శుద్ధమైన తేనెమైనం వేసి, ఆ గిన్నెను మరుగుతున్న నీటి పాత్రలో ఉంచి కరిగించాలి. పలుచని గుడ్డలో వడగట్టి, తడిలేని చిన్న భరిణెలో పోసి చల్లారనివ్వాలి. నూనె మృదుత్వాన్ని ఇస్తుంది. మైనం తేమను పోనివ్వక కాపాడుతుంది. కొవ్వొత్తుల మైనం ఇందుకు పనికిరాదు.

2. శతధౌత ఘృతం: రాగి పళ్లెంలో రెండు చెంచాల ఆవునెయ్యి వేసి, కాచి చల్లార్చిన నీరు కొద్దిగా పోసి అరచేతితో మథించి, ఆ నీటిని వంపివేయాలి. ఈ విధంగా 100 పర్యాయాలు కడిగితే నెయ్యి వెన్నవలె తెల్లగా, తేలికగా, చల్లగా మారుతుంది. మంటతో కూడిన పగుళ్లకు ఇది హితకరం. కొద్దికొద్దిగా తయారుచేసుకుని చల్లనిచోట ఉంచి, వాసన మారగానే పారవేయాలి.

3. అతిమధురం: వస్త్రగాళితం చేసిన అతిమధురం చూర్ణం చిటికెడు, నెయ్యి ఒక చెంచా కలిపి రాత్రి పడుకోబోయే ముందు రాయాలి.

ఇవేవీ సమకూరకపోతే ఉప్పు కలపని వెన్న, కొబ్బరినూనె, పరిమళం చేర్చని వాసెలిన్ చాలు. ఏది రాసినా, రాసే పద్ధతి ముఖ్యం. మెత్తని గుడ్డను గోరువెచ్చని నీటిలో తడిపి రెండు నిమిషాలు పెదవులపై ఉంచి, తీసి, తడి పూర్తిగా ఆరకముందే లేపనం పట్టించాలి. ఎండిన పెదవిపై రాస్తే లోపల నిలిపేందుకు తేమ ఉండదు. భోజనం తరువాత, బయటికి వెళ్లే ముందు, నిద్రించే ముందు, మొత్తం మీద రోజుకు ఐదారుసార్లు రెండు వారాలు విడువకుండా చేయాలి.

మానవలసినవి

నిమ్మరసం, పంచదారతో రుద్దడం, కర్పూరం చేరిన ఘాటైన మందులు పగిలిన పెదవులకు హానికరాలు. ఇవి చల్లగానో శుభ్రంగానో తోచినా పుండును రేపుతాయి. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె నాకించరాదు. పెదవులకు కూడా రాయరాదు. బొడ్డులో నూనె వేస్తే పెదవులు మానుతాయనే నమ్మకం మనలో ఉన్నది గాని, ఆ నూనె పెదవికి చేరే మార్గం లేదు. పగుళ్లు మానేవరకు ఆవకాయ, పచ్చిమిరప, చింతపండు పులుసు తగ్గించి, నెయ్యి వేసిన పప్పన్నం, మజ్జిగ, ఆకుకూరలు తీసుకోవడం పథ్యం.

ఉపేక్షించరాని లక్షణాలు

ఎండ నేరుగా పడేది కింది పెదవిపైన. ఏళ్ల తరబడి పొలంలో, సముద్రం మీద, భవన నిర్మాణంలో పనిచేసేవారిలో కింది పెదవి గరుకెక్కి, పెదవికీ చర్మానికీ మధ్యనున్న అంచురేఖ చెదిరి, తెల్లని మచ్చలు ఏర్పడవచ్చు. చుట్ట, బీడీ, ఖైనీ అలవాట్లు ప్రమాదాన్ని పెంచుతాయి. ఒకేచోట పుండు పడి మూడు వారాలలో మానకపోయినా, గట్టిపడినా, ఊరకే రక్తం కారినా అది కాన్సర్‌కు నాంది కావచ్చు. నొప్పి లేదు కదా అని ఉపేక్షించరాదు. వైద్యుడు ముక్క పరీక్ష చేయించమంటే భయపడి వాయిదా వేయరాదు. తొలిదశలో గుర్తించిన పెదవి కాన్సర్ చాలావరకు నయమవుతుంది. ఎండలో పనిచేసేవారు తలగుడ్డను ముఖానికి నీడ పడేటట్లు కట్టుకోవాలి, లేదా వెడల్పాటి అంచు ఉన్న టోపీ ధరించాలి. నెయ్యి, నూనెలు ఎండను ఆపలేవు, అందుకు ఎస్.పి.ఎఫ్. 30 గల పెదవి లేపనం వాడుకోవాలి.

చిన్నపిల్లలలో ఐదు రోజులు జ్వరం తగ్గక, కళ్లు ఎర్రబడి, పెదవులు ఎర్రగా పగిలితే అది గుండె రక్తనాళాలను దెబ్బతీసే కవసాకి వ్యాధి కావచ్చు. గృహవైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

తక్కినవారు ముందుగా తమ అలవాట్లను గమనించుకుని, ఆహారాన్ని సరిదిద్దుకుని, పైన చెప్పిన లేపనాలలో తమకు సరిపడినదానిని రెండు వారాలు వాడి చూడాలి. అప్పటికీ గుణం కనిపించకపోతే లేపనాన్ని మార్చడం కాక, కారణాన్ని వైద్యుని చేత పరీక్షింపజేసుకోవడం కర్తవ్యం.