దేహమునకు గల జ్ఞాపకము



కాలిలో ముల్లు విరిగినపుడు గజ్జలలో బిళ్ళ కట్టుట మన యిండ్లలో అందరు నెరిగినదే. పెద్దలు కాపడము పెట్టుదురు. నాలుగు దినములలో అది కరగును. గాయము పాదమున నుండగా బిళ్ళ గజ్జలలో ఏల కట్టవలెనని అడుగువారు మాత్రము అరుదు. మేమును అడుగలేదు. మా తండ్రిగారు మాచే అమరము వల్లె వేయించిరి, రఘువంశము చెప్పిరి. కాని మేనిలోపల నిత్యము జరుగు సంగ్రామమును గూర్చి మేము తెలిసికొన్నది పెండ్లియైన చాలకాలమునకు, ఒక పసిబిడ్డ మూలమున. ఆ సంగతిని నేడు మనవి చేయదలచితిమి.

మా పెనుమూడి కృష్ణయొడ్డున నున్నది. రేపల్లె నుండి వచ్చు బాట ఇచట వారధి నెక్కి ఆవలి పులిగడ్డకు పోవును. ఏటికిని ఊరికిని నడుమ కరకట్ట గలదు. మేనికి చర్మము అట్టి కట్ట. ముక్కులోని చీమిడియు, కంటినీరును, కడుపులోని ఆమ్లమును దానికి తోడైన కావళ్ళు. కట్టకు గండిపడినచో తొలుత పరుగెత్తి వచ్చునవి నెత్తుటిలోని తెల్లకణములు. వచ్చినది ఏ క్రిమియో అవి అంతగా విచారింపవు. పరాయిదని తోచినదానినెల్ల మ్రింగును. మనము రోసి తుడిచివేయు చీము చాలవరకు ఇట్లు పోరి మడిసిన కణములే.

గజ్జలలోని బిళ్ళది వేరొక కొలువు. గాయమునుండి క్రిమితునకలను కొన్ని కణములు అచటికి మోసికొనిపోయి చూపును. అచట వేచియున్న కణములలో ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకృతిని మాత్రమే గుర్తింపగలది. ఆ తునకకు సరిపడిన కణము దొరికినంతనే అది ఒకటి రెండై, రెండు నాలుగై వేలకు వేలు పెరుగును. బిళ్ళ ఉబ్బుటకు ఈ పెరుగుదలయు ఒక కారణము. వానిలో కొన్ని ప్రతిరక్షకములను పదార్థములను నెత్తుటిలోనికి విడుచును. అవి ఆ క్రిమినే వెదకి పట్టుకొనును. కొత్త శత్రువైనచో ఇంత సన్నాహమునకు వారము, పదిదినములు పట్టవచ్చును. పోరు ముగిసిన పిమ్మట ఆ సేనలో అధికభాగము నశించి, కొద్దిపాటి కణములు మాత్రము మిగులును. అవియే దేహమునకు గల జ్ఞాపకము. అదే క్రిమి మరల వచ్చినచో అవి కొద్దిదినములలోనే సిద్ధమగును.

2009 అక్టోబరులో ప్రకాశము బారేజి నుండి 11 లక్షల క్యూసెక్కుల నీరు దిగివచ్చినపుడు కట్టకు ఎచట ఊట పుట్టునో తెలియక మా వారు రాత్రియెల్ల అటునిటు పరుగులిడిరి. 2024 సెప్టెంబరులో అంతకు మించిన నీరు వచ్చెను. ఈ మారు నాటివారు చీకటిలోనే తిన్నగా ఆ తావులకు ఇసుకబస్తాలు మోసిరి. దేహము చేయునదియు ఇంతియే.

ఈ జ్ఞాపకము ఎంతకాలము నిలుచును? అట్లాంటికు మహాసముద్రపు ఉత్తరభాగమున ఫారో దీవులు గలవు. 1846లో అచటికి తట్టు వచ్చి, సుమారు 7,800 మంది జనములో 6,000 మందికి పోసెను. అంతకుమున్ను ఆ జబ్బు అచటికి వచ్చినది 1781లో. పానమ్ అను డెన్మార్కు దేశపు యువవైద్యుడు ఇల్లిల్లు తిరిగి విచారింపగా, 1781లో తట్టు పోసి బ్రదికియున్న వృద్ధులలో ఒక్కరికిని ఈ మారు రాలేదని తేలినది. అరువదియైదేండ్లు! మనము నిన్నటి కూరలో ఉప్పు వేసితిమో లేదో మరచువారము.

తల్లి తన జ్ఞాపకములో కొంత బిడ్డకు గర్భమునందే ఇచ్చును. ప్రసవమైన తొలిదినముల ముర్రుపాలును అట్టి రక్షయే. వానిని పిండి పారబోయుట కన్న తెలివితక్కువ లేదు. కాని గర్భమున వచ్చినది అభిమన్యుని విద్యవంటిది, చాలినంత కాదు. తల్లి ఇచ్చిన ప్రతిరక్షకములు నెలలు గడచినకొలది తరుగును. అవి నిండుగ నుండగా తట్టు టీకా వేసినచో దానిని అవియే తుడిచిపెట్టును. అవి తరిగిన పిదప ఆలసించినచో బిడ్డ జబ్బునకు చిక్కును. ఆ సందు చూచియే మన దేశమున తొమ్మిదినెలలు నిండిన పిమ్మట తొలి టీకా వేయుచున్నారు. బలము తీసిన క్రిమిని చూపి, జబ్బు లేకుండ జ్ఞాపకము కల్పించుటయే టీకా. ఆ వయసున అది నూటికి సుమారు 85 మందికి పట్టును. తక్కినవారికొరకై 16 మొదలు 24 నెలలలోపల రెండవది.

2017 ఆగష్టులో మన రాష్ట్రమున తొమ్మిదినెలలు మొదలు పదునైదేండ్లవరకు గల పిల్లలందరికి తట్టు, రుబెల్లా టీకా వేసిరి. బడులలోను వేసిరి గనుక తల్లులు మా యింటికి వచ్చి అడుగుచుండిరి. పొరుగింటి ముసలమ్మగారి మనుమరాలికి అపుడు మూడేండ్లు. పసితనమున ఏదో సూదిమందునకు జ్వరము వచ్చినదని ఆ పిల్లకు తట్టు టీకాలే వేయింపలేదు. ఆమె మాతో ననినది: “అమ్మాయీ, తట్టు పోయని పిల్లలుంటారటమ్మా? అమ్మవారొస్తుంది, వేపమండ కడతాం, నీళ్ళు పోస్తాం, పోతుంది. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు.” పెద్దదానితో వాదమేలయని మేము తలయూపితిమి. ఆమె దానినే సమ్మతిగ గైకొనినది.

మరుసటి యేడు ఆ పిల్లకు తట్టు పోసినది, తగ్గినది. ముసలమ్మగారు మావంక చూచి నవ్వినది. అటుపిమ్మట ఏడాదిపొడుగున చెవి చీము, దగ్గు, మరల జ్వరము. తుదకు ఊపిరితిత్తులకు నెమ్ము చేరి తెనాలిలో పదిదినములు ఆసుపత్రి పాలైనది. దిష్టి తగిలినదని ఇంటివారు తాయెత్తు కట్టించిరి.

2019లో పండితులు ప్రకటించిన దానిని చదివిననాడు మాకు అన్నము సహింపలేదు. తట్టు క్రిమి జ్ఞాపకముగల ఆ కణములలోనే చొరబడి వానిని నాశనము చేయును. టీకాలు లేని 77 మంది డచ్చి పిల్లల నెత్తురు పరీక్షింపగా, తట్టు పోసిన పిమ్మట వారి పాత ప్రతిరక్షకములలో నూటికి 11 మొదలు 73 పాళ్ళవరకు పోయియుండెను. అనగా తట్టు తాను వచ్చి పోవుటయే గాక, మునుపు నేర్చిన పాఠములను సైతము చెరిపిపోవును. టీకా అట్లు చేయదు. ఆ బిడ్డ జబ్బులన్నిటికి ఇదియే కారణమని మేము చెప్పజాలము. మేము తలయూపితిమన్నది మాత్రము నిజము.

వేపమండ కట్టుటలో దోషము లేదు. ఈ యింట జబ్బున్నదని పదుగురికి తెలిసి రాకపోకలు తగ్గును. కాని తట్టు మేనిపై తేలుటకు నాలుగు దినములు ముందుగనే ఇతరుల కంటుట మొదలగును గనుక, ఆ మండ ఆలస్యముగ వచ్చు హెచ్చరిక. తట్టు పోసిన బిడ్డకు కంటిచూపు చెడకుండ వైద్యులు ఏ విటమిను ఇత్తురు. ఆయాసము, మగత కనబడినచో నిలువక ఆసుపత్రికి గొనిపోవలెను. టీకాకు ఒకటి రెండు దినములు జ్వరము వచ్చుట కలదు. మేను పాఠము నేర్చుచున్నదని తల్లులు ధైర్యము వహింపవచ్చును.

ముసలమ్మగారితో ఈ మాట ఎట్లు చెప్పవలెనో మాకు తోచలేదు. ఒకనాడు ఆమె చేతిపైగల గుండ్రని మచ్చను చూచి ఏమని అడిగితిమి. చిన్ననాట పెద్దమ్మవారి టీకా యనినది. ఆ మశూచికము భూమిమీదనే లేకుండ పోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినదని చెప్పితిమి. ఆమె మచ్చను తడవుకొనుచు చాలసేపు మాటాడలేదు.

మనుమరాలు కోలుకొని ఇపుడు ఉన్నత పాఠశాలలో చదువుచున్నది. ఈ మధ్య కూతురింట మునిమనుమడు పుట్టగా ముసలమ్మగారు టీకా చీటిని తానే తెచ్చి మాచేత చదివించుకొని, తొమ్మిదవ నెల ఎన్నడు నిండునో వ్రేళ్ళపై లెక్కించుకొన్నది. ఆ చీటి ఇపుడు వారి దేవునిగూటిలో, అమ్మవారి పటము వెనుక నున్నది.